నడక యాప్ రాత్రికి రాత్రి మారిపోయిందా? ముందు అన్‌ఇన్‌స్టాల్ కొట్టకండి

విశాఖలో మా నాన్న రోజూ తెల్లారకముందే ఎంవీపీ కాలనీ నుంచి స్కూటర్ మీద బీచ్ రోడ్డుకి వచ్చేస్తారు. కాళీమాత గుడి దగ్గర బండి పెట్టి, సబ్‌మెరైన్ మ్యూజియం దాటి కొంతదూరం నడిచి, మళ్లీ వెనక్కి. తిరిగొచ్చాక గట్టు మీద కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, ఫోన్ తీసి ఒకే ఒక్క అంకె చూస్తారు. ఎన్ని అడుగులు? అంతే. ఇంటికొచ్చి ఆ అంకెని గోడ క్యాలెండర్‌లో తిథి కింద మిగిలిన కాస్త జాగాలో పెన్నుతో రాస్తారు. మూడేళ్లుగా ఇదే వరస.

కిందటి నెలలో ఒకరోజు అలాగే ఫోన్ తీస్తే ఆకుపచ్చ చక్రం లేదు, దాని మధ్యలో ఉండే అంకె లేదు. ఒక సూర్యోదయం బొమ్మ, "ఈరోజు మీ శరీరం సిద్ధంగా ఉందా?" అని ఒక ప్రశ్న, దాని కింద నెలకింత కట్టమని బటన్. వెంటనే నాకు ఫోన్. "ఏట్రా ఇది, నా అడుగులేవి?"

నిద్రమత్తులో నేనిచ్చిన సలహా: "తీసేసి మళ్లీ ఎక్కించు నాన్నా." ఆయన ఎక్కించారు. చేతికి పెట్టుకునే అడుగుల బ్యాండ్‌కి ఫోన్‌తో ఉన్న జత ఊడిపోయింది, మళ్లీ జత చేసేటప్పుడు బ్యాండ్ తనలో ఉన్నదంతా చెరిపేసుకుంది, ఇంకా ఫోన్‌లోకి రాని రెండు రోజుల నడక పోయింది. క్యాలెండర్‌లో ఆ రెండు గడులూ ఇప్పటికీ ఖాళీయే, నేను ఇంటికెళ్లినప్పుడల్లా ఆయన వాటివైపే చూస్తున్నట్టు నాకు అనిపిస్తుంది. కాబట్టి ఇది తప్పు చేసినవాడు రాస్తున్న పద్ధతి అనుకోండి.

ముందు చేయాల్సింది: ఏమీ చేయకపోవడం

కోపంలో మొదట చెయ్యి వెళ్లేది అన్‌ఇన్‌స్టాల్ మీదకే. ఆగండి. బ్యాండ్ చేతికే ఉండనిచ్చి, బ్లూటూత్ ఆన్ చేసి, కొత్త యాప్ ఎంత దరిద్రంగా ఉన్నా సరే తెరిచి పైనుంచి కిందకి ఒకసారి లాగండి. గుండ్రంగా తిరిగే గుర్తు ఆగాక సింక్ అయినట్టు, అంటే బ్యాండ్‌లో లెక్క ఫోన్‌లోకి చేరినట్టు. బ్యాండ్లు కొద్ది రోజుల లెక్క మాత్రమే తమలో దాచుకుంటాయి, ఫోన్‌లోకి చేరేదాకా అది గాలిలో దీపమే. సింక్ అయ్యాక లాగిన్ ఏ మెయిల్‌తో ఉందో, ఏ నంబరుతో ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. నవ్వకండి. మా ఇంట్లో ఆ మెయిల్ మా చెల్లెలిదని తేలడానికి ఒక సాయంత్రం పట్టింది.

ఆ తర్వాత మీకు కావలసిన పేజీలకి స్క్రీన్‌షాట్లు. ఎత్తు, బరువు, రోజు లక్ష్యం ఉన్న పేజీ కూడా తీయండి, ఎందుకంటే మళ్లీ ఎక్కిస్తే చాలా యాప్‌లు లక్ష్యాన్ని పదివేలకి తోసేస్తాయి. ఆ పదివేలు డాక్టర్ల లెక్కేమీ కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక నడక మీటర్‌కి "మాంపో కేయ్" అని పేరు పెట్టారు, అంటే పదివేల అడుగుల మీటర్ అని, అక్కణ్నుంచి అంటుకుంది. 2019లో సగటున 72 ఏళ్ల వయసున్న అమెరికన్ మహిళల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, సుమారు 7,500 అడుగుల దాకా ఎక్కువ నడిచిన కొద్దీ మరణాల రేటు తక్కువగా ఉంది, ఆపైన పెద్ద తేడా లేదు. మా నాన్న లక్ష్యం 7,000. రీఇన్‌స్టాల్ అయ్యాక రోజూ సాయంత్రం "ఇంకా 3,000 మిగిలాయి" అని యాప్ గుచ్చుతుంటే పాపం ఆయన రాత్రి భోజనం చేసి డాబా మీద పచార్లు మొదలుపెట్టారు. మోకాళ్లు పట్టేశాక గానీ మాకు విషయం తెలియలేదు.

రెండోది: మీ లెక్క మీ చేతిలోకి తెచ్చుకోవడం

ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను. యాప్ మీది కాదు, లెక్క మాత్రం మీది. చాలా యాప్‌లలో సెట్టింగ్స్‌లోనో ప్రైవసీలోనో అడుగున ఎక్కడో "డేటా ఎక్స్‌పోర్ట్", "డౌన్‌లోడ్ పర్సనల్ డేటా" లాంటిది ఉంటుంది. శాంసంగ్ హెల్త్‌లో సెట్టింగ్స్‌లోనే ఉంది. ఐఫోన్ హెల్త్ యాప్‌లో పైన మీ ఫొటో మీద నొక్కి కిందకి వెళితే మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసే బటన్ కనిపిస్తుంది. ఫిట్‌బిట్ లెక్క గూగుల్ ఖాతాలో ఉంటే గూగుల్ టేకౌట్ అనే పేజీ నుంచి తీసుకోవచ్చు. కొన్ని కంపెనీలు వెంటనే ఇవ్వవు, మెయిల్‌కి లింక్ పంపుతాయి, ఆ లింక్‌కి గడువు ఉంటుంది, కాబట్టి మెయిల్ వచ్చిన రోజే దించేసుకోండి.

వచ్చేది జిప్ ఫైలు. లోపల సీఎస్‌వీ ఫైళ్లుంటే గూగుల్ షీట్స్‌లో తెరుచుకుంటాయి. జేసన్ అనో ఎక్స్‌ఎంఎల్ అనో ఉంటే అంత సులువు కాదు, ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలెవరైనా ఉంటే బజ్జీలు తెప్పిస్తామని పిలవండి.

ఇక్కడొక గోతి ఉంది, నేను నిలువునా పడ్డాను. నిమిషం నిమిషం లెక్క ఉండే ఫైళ్లలో టైమ్ చాలాసార్లు మన టైమ్ కాదు, యూటీసీ, అంటే గ్రీనిచ్ టైమ్. మనకంటే ఐదున్నర గంటలు వెనక. మా నాన్న 5:10కి నడక మొదలుపెడితే ఫైల్లో అది ముందు రోజు రాత్రి 11:40 అని ఉంటుంది. అంటే ఒకే నడక రెండు తేదీల మధ్య ముక్కలైపోతుంది. నాకేం తెలుసు, తేదీల వారీగా కూడేసి, ప్రింటు తీసి, గర్వంగా ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు దించి, క్యాలెండర్ పక్కన కాగితం పెట్టుకుని, వేలితో ఒక్కో గడి దిగుతూ వచ్చి ఒకచోట ఆగారు.

"ఈ రోజు నాకు జ్వరం కదరా. మంచం దిగలేదు. 2,100 అడుగులు ఎలా వచ్చేయి?"

మర్నాడు పొద్దున నడకలో మొదటి ఇరవై నిమిషాలవి. ఆయన క్యాలెండర్ లేకపోతే ఆ తప్పు నాకు ఈ జన్మకి దొరికేది కాదు.

దిద్దుబాటు చిన్నదే. షీట్‌లో పక్కన ఒక ఖాళీ కాలమ్ పెట్టి, టైమ్ ఉన్న గడికి, 5.5ని 24తో భాగించగా వచ్చినదాన్ని కలపండి. షీట్ రోజుని ఒకటిగా లెక్కేస్తుంది కాబట్టి ఐదున్నర గంటలు ముందుకి జరిగినట్టు. ఆ కొత్త కాలమ్ ప్రకారమే తేదీలు కూడండి. దిద్దేముందు అసలు ఫైలుని ఇంకో కాపీ తీసి పక్కన పెట్టుకోండి, అది ఎందుకు పనికొచ్చిందో చివర్లో చెప్తాను. ఇంకో మాట, అన్ని ఫైళ్లూ ఇలాగే ఉంటాయని కాదు, రోజు మొత్తం ఒకే అంకెగా ఇచ్చే ఫైళ్లు మామూలుగా మన తేదీతోనే వస్తాయి. మీరు ఇంట్లోనే ఉన్నానని గట్టిగా గుర్తున్న రోజు ఒకటి తీసుకుని సరిచూస్తే తెలిసిపోతుంది.

తర్వాత కొత్త యాప్‌తో రాజీ ప్రయత్నం

లెక్క చేతికొచ్చాక టెన్షన్ సగం తగ్గుతుంది. ఇప్పుడు నింపాదిగా కొత్త యాప్‌ని తిప్పి చూడండి. మొదటి పేజీలో పెన్సిల్ గుర్తో, "ఎడిట్" అనో, "కస్టమైజ్" అనో వెతకండి. అడుగుల డబ్బాని వేలితో పట్టుకుని పైకి లాగి, మిగతా సూర్యోదయాలూ చంద్రోదయాలూ దాచేయండి. నోటిఫికేషన్లలో కోచ్, సలహాలు, ఆఫర్లు అన్నీ ఆపేయండి.

అసలు ఉపాయం విడ్జెట్. ఫోన్ మొదటి తెర మీద ఖాళీచోట వేలు నొక్కిపట్టి, విడ్జెట్స్‌లో ఆ యాప్ పేరు వెతికి, అడుగుల విడ్జెట్ ఉంటే పెద్ద సైజులో పెట్టేయండి. ఇక యాప్ తెరవాల్సిన పనే లేదు, వాళ్లు లోపల ఏ రంగులు పూసుకుంటే మనకేంటి. నాన్నకి ముందే ఇది చేసిపెట్టి ఉంటే ఇంత రామాయణం ఉండేది కాదు. అంకె బ్యాండ్ మీద కూడా ఉంటుంది కదా అంటారా, ఆయన వయసులో ఆ చీమ తలకాయ అక్షరాలు బీచ్ ఎండలో కనబడవు.

అప్‌డేట్ తర్వాత అడుగులు సగమే వస్తున్నాయంటే అది డిజైన్ తప్పు కాకపోవచ్చు, యాప్‌కి తెర వెనక పనిచేసే అనుమతి పోయి ఉండొచ్చు. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్, యాప్స్, ఆ యాప్, బ్యాటరీ, అక్కడ "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి.

పాత వెర్షన్ వెనక్కి తెచ్చుకోవచ్చా

అందరూ ముందు అడిగేది ఇదే, నేను ఇంత వెనక్కి నెట్టింది కూడా ఇదే, ఎందుకంటే సమాధానం ఎక్కువగా "లేదు" అనే. ఐఫోన్‌లో దారే లేదు. ఆండ్రాయిడ్‌లో ఎవరో ఎక్కడో పెట్టిన పాత ఏపీకే, అంటే యాప్ ఎక్కించే ఫైలు, దించుకోవచ్చు గానీ, కొత్తదాని మీద పాతది ఎక్కదు, ముందు కొత్తది తీసేయాల్సిందే, అంటే మళ్లీ నా తప్పే మీరూ చేస్తారు. పైగా మీ గుండె వేగం, నిద్ర, నడిచే దారి అన్నీ చూసే యాప్‌ని ఊరూపేరూ లేని సైటు నుంచి ఎక్కించుకోవడం నాకైతే ఒప్పదు.

ఇంకో సంగతి. చాలా కంపెనీలు కొత్త ముఖాన్ని ముందే అప్‌డేట్‌లో పంపేసి, తర్వాత ఒకరోజు తమ సర్వర్ నుంచి స్విచ్ వేస్తాయి. అందుకే మీరు ఏమీ అప్‌డేట్ చేయకుండానే తెల్లారేసరికి మారిపోయినట్టుంటుంది. అలాంటప్పుడు వెనక్కి వెళ్లినా ఉపయోగం లేదు. ఫోన్‌తోపాటే వచ్చిన యాప్ అయితే మాత్రం, యాప్ సమాచారం పేజీలో పైన మూడు చుక్కలు నొక్కితే "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" ఉండొచ్చు. అయితే అది లోపలున్న డేటాని కూడా తుడిచేస్తుంది, రెండో పని పూర్తి కాకుండా దాని జోలికి పోకండి.

మీకు ఇంకా మారలేదు, పక్కింటాయనకి మారింది అంటే మీరు అదృష్టవంతులు. ప్లేస్టోర్‌లో ఆ యాప్ పేజీకి వెళ్లి పైన మూడు చుక్కలు నొక్కి ఆటో అప్‌డేట్ టిక్కు తీసేయండి. కొన్నాళ్లు గడుస్తుంది. శాశ్వతం కాదు.

వాళ్లు జాలిపడి పాతది తిరిగి ఇచ్చేస్తారని ఎదురుచూడకండి. ఫిట్‌బిట్ సంగతే చూడండి, 2023 మార్చిలో చాలెంజ్‌లు, ఓపెన్ గ్రూపులు తీసేశారు, ఆ సెప్టెంబర్‌లో యాప్ రూపమే మార్చారు, 2024 జూలైలో కంప్యూటర్‌లో చూసుకునే డ్యాష్‌బోర్డ్ కూడా మూసేశారు. అలవాటుపడినవాళ్లు తక్కువేం తిట్టలేదు.

డబ్బు కట్టినవాళ్లు

నెలసరి చందా ఉంటే యాప్ తీసేసినంత మాత్రాన అది ఆగదు. ఇది తెలియక నెలలకి నెలలు కట్టినవాళ్లు మా ఆఫీసులోనే ఇద్దరున్నారు. ప్లేస్టోర్‌లో మీ ఫొటో నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, పైన మీ పేరు, సబ్‌స్క్రిప్షన్స్. యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే మీ యూపీఐ యాప్‌లో మాండేట్ (దానంతట అదే డబ్బు తీసుకునే అనుమతి) కూడా చూసి తీసేయండి.

ఏడాదికి ఒకేసారి కట్టాక, ఏది చూసి కట్టారో అదే తీసేశారనుకోండి, అప్పుడు అది మీ ఇష్టాయిష్టాల గొడవ కాదు, సేవాలోపం అని వాదించవచ్చు. ముందు కంపెనీకే రాతపూర్వకంగా రాయండి. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి అని 2020 ఈ కామర్స్ నిబంధనల్లో ఉంది. ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దానికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు ఉండదు. నెలకి వందో రెండొందలో కోసం అంతదూరం వెళ్లాలా అన్నది మీ ఓపిక, నేనైతే 1915 దగ్గరే ఆగుతాను.

ఫిర్యాదు రాసేటప్పుడు "వరస్ట్ యాప్, పాతదే బాగుంది" అని ఒక్క స్టార్ కొట్టి వదిలేస్తే చదివేవాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఏ ఫోన్, ఏ బ్యాండ్, యాప్ వెర్షన్ నంబరు, ముందు ఒక్క నొక్కుతో కనిపించేది ఇప్పుడు ఎన్ని నొక్కులకి కనిపిస్తోంది, ఈ నాలుగూ రాయండి. నేను రాసింది ఇది: "మా నాన్నకి 68 ఏళ్లు. ముందు యాప్ తెరవగానే అడుగులు కనిపించేవి. ఇప్పుడు నాలుగుసార్లు నొక్కాలి, అందులో ఒకటి డబ్బు కట్టే పేజీ మీద పడుతోంది." జవాబొచ్చింది. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని. సరే. కానీ తర్వాతి అప్‌డేట్‌లో ఆ డబ్బు బటన్ కాస్త కిందకి దిగింది. నా వల్లేనని మా ఆవిడ ముందు చెప్పుకున్నాను.

వేరేదానికి మారాలంటే

బ్యాండ్ బాగానే ఉండి యాపే నచ్చకపోతే కొత్త బ్యాండ్ కొనక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో హెల్త్ కనెక్ట్ అని ఒకటుంది, ఒక ఆరోగ్య యాప్ రాసిన లెక్కని ఇంకో యాప్ చదువుకునే చోటు, ఆండ్రాయిడ్ 14 నుంచి ఫోన్‌లోనే వస్తోంది, అంతకుముందు ఫోన్లకి ప్లేస్టోర్‌లో దొరుకుతుంది. పాత యాప్‌కి దాంట్లో రాసే అనుమతి, మీకు నచ్చిన సాదా యాప్‌కి దాంట్లోంచి చదివే అనుమతి ఇస్తే, పాతది వెనకాల బ్యాండ్‌తో మాట్లాడుకుంటుంది, మీరు మాత్రం దాని మొహం చూడక్కర్లేదు. మీ బ్యాండ్ యాప్‌కి హెల్త్ కనెక్ట్‌తో పొత్తు ఉందో లేదో ముందు చూసుకోండి. ఇందులో ఒక తిరకాసు, చేతికున్న బ్యాండూ జేబులో ఫోనూ రెండూ అడుగులు రాస్తే లెక్క తారుమారు కావచ్చు. హెల్త్ కనెక్ట్‌లో డేటా సోర్సెస్ అండ్ ప్రయారిటీలోకి వెళ్లి బ్యాండ్‌ని పైన పెట్టండి, ఫోన్‌ని కిందకి దించండి.

కంపెనీ సర్వర్లే వద్దనుకునేవాళ్లకి గ్యాడ్జెట్‌బ్రిడ్జ్ అనే ఉచిత యాప్ ఉంది, చాలా రకాల బ్యాండ్లతో పనిచేస్తుంది, లెక్క ఫోన్ దాటి బయటికి పోదు. కానీ కొన్ని బ్యాండ్లకి ముందు ఒక కీ (పాస్‌వర్డ్ లాంటి కోడ్) సంపాదించి ఇవ్వాలి, అది నాన్నల పని కాదు.

మా ఇంట్లో చివరికి తేలింది: అదే యాప్, ఫోన్ తెర మీద ఇంత పెద్ద విడ్జెట్, ఆటో అప్‌డేట్ బంద్, మూడు నెలలకొకసారి నేను ఎక్స్‌పోర్ట్ తీయడం.

ఆ అసలు ఫైలు కాపీ సంగతి చెప్తానన్నాను కదా. కిందటేడు ఆషాఢంలో నాన్న సింహాచలం గిరి ప్రదక్షిణ చేశారు, 32 కిలోమీటర్లు. మధ్యాహ్నం మూడింటికి తొలి పావంచా (కొండ కింద మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, హనుమంతవాక మీదుగా ఊరంతా చుట్టి, ఎన్‌ఏడీ, గోపాలపట్నం దాటి తెల్లవారుజామున నాలుగింటికి తిరిగి చేరారు. కానీ యాప్ అర్ధరాత్రి పన్నెండింటికి రోజు మార్చేస్తుంది కదా, ఆయన ప్రదక్షిణని 29,860, 18,415 అని రెండు ముక్కలు చేసి చూపించింది. అడిగిన ప్రతివాళ్లకీ ఆ రెండూ కూడి చెప్పాల్సి రావడం ఆయనకి నచ్చేది కాదు.

నేను ఐదున్నర గంటలు కలపని ఫైలుని ఊరికే తేదీల వారీగా కూడి తిరగేస్తుంటే ఆ తేదీ దగ్గర ఒకే అంకె కనిపించింది: 48,275. గ్రీనిచ్ వాళ్లకి రోజు మారేది మన పొద్దున ఐదున్నరకి, అప్పటికే ఆయన కొండ దగ్గరికి వచ్చేశారు. మొత్తం ప్రదక్షిణ ఒకే రోజులో పడింది.

చూపించాను. ఆయన లేచి బీరువా మీద చుట్టచుట్టి పెట్టిన పాత క్యాలెండర్ దించి, దుమ్ము దులిపి, ఆ గడిలో ఉన్న రెండు అంకెలూ కొట్టేసి, పైన సన్నగా 48,275 అని రాశారు.

"దీన్ని మాత్రం దిద్దకు," అన్నారు.